మెషీన్‌లో ఉతికే కార్పెట్లు మీ ఇంటికి సరిపోతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్‌లోను, ఫర్నిషింగ్ దుకాణాల్లోను ఇప్పుడు అమ్ముతున్న పలుచని కార్పెట్లలో చాలావాటి మీద ‘మెషీన్ వాషబుల్’ అన్న మాట కనిపిస్తుంది. ఆ మాట నిజమే అయినా అది కార్పెట్ గురించి మాత్రమే చెబుతుంది. మీ ఇంట్లోని వాషింగ్ మెషీన్ గురించి, ఆరవేసే చోటు గురించి, కుళాయిలో వచ్చే నీటి గురించి, ఆ ఇంట్లో నడిచే మనుషుల గురించి ఏమీ చెప్పదు. రోజూ తడిగుడ్డ పెట్టే టైల్స్, గ్రానైట్, మార్బుల్ నేలలున్న ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని ఈ సమాధానాలు రాశాము. అమెరికాలో ఉంటున్న తెలుగువారికి వర్తించే తేడాలను విడిగా ఒక ప్రశ్న కింద ఇచ్చాము.

ఈ కార్పెట్లకూ మామూలు కార్పెట్లకూ తేడా ఏమిటి?

వీటిలో అధికభాగం పాలిస్టర్‌తో తయారవుతాయి. పోగులు పొట్టిగా ఉంటాయి, డిజైన్ నేతలో కాకుండా అచ్చులో వస్తుంది, అడుగున జారకుండా ఉండేందుకు రబ్బరు వంటి పూతో చుక్కలో ఉంటాయి. మడిస్తే దుప్పటిలా మడత పడేంత పలుచగా ఉండడమే వీటి గుణం, అదే వీటి లోపం కూడా. పాదం దిగబడే మెత్తదనం కోరుకొని కొన్నవారు తప్పకుండా నిరాశపడతారు. అమెరికాలో రగ్గబుల్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చిన మరో పద్ధతిలో కార్పెట్ రెండు భాగాలుగా ఉంటుంది: నేలను అంటిపెట్టుకొని ఉండే అడుగు ప్యాడ్ ఒకటి, దాని మీద అతుక్కొని ఉండే పలుచని పైపొర ఒకటి. ఉతకడానికి పైపొరను మాత్రమే తీస్తారు. మన దగ్గర ఎక్కువగా దొరికేవి ఒకే ముక్కగా ఉండేవే కనుక ఇక్కడి సమాధానాలు ముఖ్యంగా వాటికి వర్తిస్తాయి.

ఇంతకీ మాకు అవి అవసరమా?

మూడు విషయాలు చూసుకోండి. కార్పెట్ మీ మెషీన్ డ్రమ్ములో సులువుగా తిరగాలి. ఉతికిన రోజే, కనీసం మరునాటికైనా, పూర్తిగా ఆరే చోటు మీ ఇంట్లో ఉండాలి. ఉతకాల్సినంత మురికి పట్టే అవసరం మీ ఇంట్లో నిజంగా ఉండాలి. మూడింటిలో రెండోదే చాలామంది మరిచిపోయేది, మా అభిప్రాయంలో అసలు నిర్ణయం దాని మీదనే ఆధారపడాలి. మేడ మీద ఎండ పడే డాబా, గట్టి పిట్టగోడ ఉన్న ఇంటివారు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. మూడు అడుగుల వెడల్పు బాల్కనీలోనే దండెం కట్టుకొని, అందులోనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కూడా పెట్టుకున్న ఫ్లాటువారు పెద్ద సైజు జోలికి వెళ్ళకపోవడమే మంచిది. గుమ్మం బయటే చెప్పులు విడిచే అలవాటు వల్ల మన ఇళ్ళలో హాలు కార్పెట్‌కు పట్టే మురికి కూడా తక్కువే. దులిపితే పోయే దుమ్ము కోసం ఉతికే సదుపాయానికి డబ్బు పెట్టనక్కరలేదు.

మా మెషీన్‌లో ఏ సైజు వరకు పడుతుంది?

మెషీన్ మీద రాసి ఉండే 6, 7, 8 కిలోల అంకె పొడి బట్టల బరువును సూచిస్తుంది, అది కూడా చొక్కాలు, తువ్వాళ్ళ వంటి విడివిడి బట్టలు డ్రమ్ములో స్వేచ్ఛగా దొర్లుతాయన్న లెక్కలో. కార్పెట్ ఒకే ముక్క. తడిసిన తరువాత అది ఒక పక్కకు చేరిపోతే, పిండే సమయంలో డ్రమ్ము సమతూకం తప్పి మెషీన్ ఊగిపోతుంది. కొన్ని మెషీన్లు దాన్ని గుర్తించి పిండకుండానే ఆగిపోయి డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్ చూపిస్తాయి, నీళ్ళోడుతున్న కార్పెట్‌ను చేత్తో బయటకు లాగవలసిన పని మీ మీద పడుతుంది.

బరువును కొనకముందే లెక్క కట్టవచ్చు. ఉత్పత్తి వివరాల్లో జీఎస్ఎం అని ఇచ్చే అంకె చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెబుతుంది. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న కార్పెట్ విస్తీర్ణం సుమారు 3.7 చదరపు మీటర్లు. దాని జీఎస్ఎం 600 అయితే బరువు 2.2 కిలోలకు కాస్త ఎక్కువ, 1,500 అయితే ఐదున్నర కిలోలు దాటుతుంది. మొదటిది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో హాయిగా తిరుగుతుంది. రెండోది అంకెల ప్రకారం పట్టినట్టే కనిపించినా తడిశాక కదలదు. మెషీన్ సామర్థ్యంలో సగానికి మించిన బరువున్న కార్పెట్‌ను అందులో వేయకూడదన్నది మేము పాటించే కొలత. బరువు సరిపోయినా డ్రమ్ములో మూడింట రెండు వంతులకు మించి నిండకూడదు, ఎందుకంటే నీరు లోపలి మడతలకు చేరకపోతే మురికి ఒక చోటు నుంచి మరో చోటికి మారడం తప్ప బయటకు పోదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. రెయిన్‌కోట్ల వంటి, నీరు ఇంకని వస్తువులను పిండవద్దని వాషింగ్ మెషీన్ల మాన్యువల్స్‌లో హెచ్చరిక కనిపిస్తుంది. అడుగు భాగమంతా రబ్బరు లేదా ప్లాస్టిక్ పూత ఉన్న కార్పెట్‌కూ అది వర్తిస్తుంది: నీరు పూతకు, పోగులకు మధ్య సంచి కట్టినట్టు నిలిచిపోయి, డ్రమ్ము వేగం అందుకున్నప్పుడు ఒక్కసారిగా కదిలి మెషీన్‌ను దెబ్బతీస్తుంది. టాప్ లోడ్ మెషీన్లలో ఈ ప్రమాదం ఎక్కువ. అడుగున పూర్తి పూతకు బదులు చుక్కలు మాత్రమే ఉన్న రకాన్ని ఎంచుకోవడం వల్ల ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

మాది సెమీ ఆటోమేటిక్ మెషీన్. ఫరవాలేదా?

కాళ్ళపట్టాలు, స్నానాల గది మ్యాట్ల వరకే. ఉతికే తొట్టిలో పట్టిన కార్పెట్ పక్కనున్న పిండే తొట్టిలో పట్టదు, బలవంతంగా కుక్కితే ఆ తొట్టి గోడకు కొట్టుకుంటుంది.

వానాకాలంలో ఆరుతుందా?

మెషీన్ బాగా పిండిన తరువాత కూడా నూలు బట్టలో దాని పొడి బరువులో సగమో, అంతకన్నా ఎక్కువో నీరు మిగిలి ఉంటుంది. అంటే నాలుగు కిలోల నూలు జంపఖానా బయటకు వచ్చేటప్పుడు ఆరు కిలోలు దాటి ఉంటుంది. ప్లాస్టిక్ తాళ్ళ దండేలు, గోడకు బిగించిన మడత స్టాండులు ఈ బరువుకు వంగిపోతాయి. పాలిస్టర్ పోగు తనలోకి నీటిని పీల్చుకోదు కనుక చాలా త్వరగా ఆరుతుంది. ఈ ఒక్క విషయంలో దానికి సాటి లేదు. అయితే పైన చెయ్యి పెట్టి చూసి ఆరిందనుకుంటే పొరపాటు. పోగులు ఆరినా, అడుగు పూతకు ఆనుకొని ఉన్న పొర తడిగానే ఉంటుంది. అంచు కుట్టు దగ్గర వేళ్ళతో గట్టిగా నొక్కి, చల్లగా తగిలితే మరికొన్ని గంటలు ఉంచండి.

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు ఊళ్ళలో వానాకాలంలోనే కాక మిగతా నెలల్లోనూ గాలిలో తేమ ఎక్కువ. హైదరాబాదులో మార్చిలో కొన్ని గంటల్లో ఆరే కార్పెట్‌కు అక్కడ మబ్బు రోజుల్లో రెండు రోజులు పట్టవచ్చు, అప్పటికి ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. ఒకసారి ఆ వాసన పట్టిన కార్పెట్‌ను మళ్ళీ ఉతకడం, మళ్ళీ ఆరబెట్టడం తప్ప దారి లేదు. కనుక తీరప్రాంతంవారు ఉతుకును ఎండ రోజులకు కేటాయించుకొని, జులై నుంచి నవంబరు వరకు పెద్ద కార్పెట్‌ను చుట్టి అటక మీద పెట్టేయడం మేలు. ముసురు రోజుల్లో తప్పనిసరిగా ఉతకవలసి వస్తే రెండోసారి స్పిన్ మాత్రమే పెట్టి, గదిలో రెండు కుర్చీల వీపుల మీద పరిచి, కింద నుంచి గాలి తగిలేలా ఫ్యాను వేయండి. పిట్టగోడ మీద ఆరేసేటప్పుడు మాత్రం అడుగు భాగం నేరుగా మిట్టమధ్యాహ్నపు ఎండకు పడకుండా చూడాలి, ఎందుకంటే ఎండ వేడికి లేటెక్స్ అనే రబ్బరు పూత పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది.

పసుపు, నూనె, ఆవకాయ మరకలు నిజంగా పోతాయా?

అన్నీ పోవు. ఏది పోతుందో, ఏది పోదో తెలుసుకోవాలంటే మరక స్వభావం తెలియాలి.

నూనె మరకకు పాలిస్టర్ బలహీనమైనది. నీటిని దగ్గరకు రానివ్వని ఆ పోగు నూనెను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది, అందువల్ల ఆవకాయ ఊట పడిన కార్పెట్‌ను నేరుగా చల్లని నీటి ఉతుకులో వేస్తే కారం ఎరుపు కాస్త తగ్గి, నూనె వలయం అలాగే మిగులుతుంది. ముందుగా ముక్కను, గుజ్జును చెంచా అంచుతో ఎత్తేయండి, రుద్దవద్దు. పొడి గుడ్డతో అద్ది, టాల్కం పౌడరు గానీ మైదా గానీ మందంగా చల్లి అరగంట ఉంచితే అది నూనెను పీలుస్తుంది. దాన్ని దులిపేసి, గిన్నెలు కడిగే లిక్విడ్‌ను రెండు మూడు చుక్కలు వేలితో మరక అంచు నుంచి మధ్యకు అద్ది, పది నిమిషాల తరువాత మెషీన్‌లో వేయండి.

పసుపు కథ వేరు. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా మారడం అందరూ చూసేదే. సబ్బులోని క్షారగుణానికి పసుపులోని కర్‌క్యుమిన్ అలా రంగు మారుతుంది, కంగారు పడవలసిన పని లేదు. కర్‌క్యుమిన్‌కు వెలుతురు పడదు, కాబట్టి ఉతికిన తరువాత మరక ఉన్న వైపును ఎండకు పెడితే రోజురోజుకూ వెలిసిపోతుంది. ఎండకు కార్పెట్ రంగులు కూడా వెలుస్తాయి గనుక మరక ఉన్నంత మేరకే ఎండ తగిలేలా మిగతా భాగాన్ని మడిచి ఉంచండి. కుంకుమ పడినప్పుడు తడిగుడ్డ తీసుకురావడమే తప్పు: పొడిగా ఉన్నంతసేపు దులిపితే పోయేది, తడి తగిలితే రంగై పాకుతుంది. పాలు, గుడ్డు, రక్తం మరకలకు వేడి నీరు వాడితే వాటిలోని మాంసకృత్తులు గడ్డకట్టి పోగులో ఉండిపోతాయి, చల్లని నీరే వాడాలి.

దేవుడి గదిలో పాలిస్టర్ మ్యాట్ వేయవద్దన్నది మా గట్టి సలహా. అగరుబత్తి నిప్పురవ్వ పడితే నూలు కమిలి ఆగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లని బొక్కగా మిగులుతుంది, దాన్ని ఏ ఉతుకూ సరిచేయదు. దీపం పక్కన కూర్చోవడానికి నూలు ఆసనమో, చాపో ఎప్పటికీ మేలు.

మాకు బోరు నీళ్ళే. దాని వల్ల తేడా ఉంటుందా?

ఉంటుంది. లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో డిటర్జెంట్ సరిగా పనిచేయదు, కాల్షియం, మెగ్నీషియం మిగుళ్ళు పోగుల మధ్య చేరి ఆరిన కార్పెట్ బిరుసుగా, రంగు మసకగా తయారవుతుంది. ముదురు రంగు కార్పెట్ల మీద తెల్లని పొడిలాంటి చారలు కనిపించేది ఇందుకే. పొడి డిటర్జెంట్‌కు బదులు లిక్విడ్ వాడండి, మామూలు కన్నా ఒకసారి ఎక్కువ జాడించండి. మున్సిపల్ నీరు వచ్చే రోజు చూసుకొని ఉతకగలిగితే ఇంకా మంచిది. ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వాడవద్దు. అది పోగుల మీద జిడ్డు పొర వేసి దుమ్మును మరింత ఆకర్షిస్తుంది.

ఇంట్లో ఆస్తమా, డస్ట్ అలర్జీ ఉన్నవారున్నారు. ఉతికే కార్పెట్ అయితే ఇబ్బంది ఉండదా?

ప్రకటనలు చెప్పినంత తేలిక కాదు. డస్ట్ మైట్లు అనే సూక్ష్మమైన పురుగులు చావాలంటే నీరు దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఇలాంటి కార్పెట్ల లేబుళ్ళ మీద సాధారణంగా ఉండేది చల్లని నీరు లేదా 30 డిగ్రీలు. ఆ ఉతుకులో అలర్జీ కలిగించే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది గానీ, పురుగులన్నీ చావవు, గాలిలో తేమ ఉంటే మళ్ళీ పెరుగుతాయి. తడిగుడ్డతో తుడిచే ఉత్త టైల్స్ నేలకన్నా అలర్జీకి అనుకూలమైనది ఏ కార్పెటూ లేదు. అలాంటివారు పడుకునే గదిలో కార్పెట్ వేయకపోవడమే సరైన జవాబు. పిల్లల కోసం తప్పదనుకుంటే, 60 డిగ్రీల నీటిని తట్టుకుంటుందని లేబుల్ మీద స్పష్టంగా ఉన్న చిన్న నూలు మ్యాట్‌ను ఎంచుకొని, నీటిని వేడిచేసే సదుపాయమున్న మెషీన్‌లో ఉతకండి.

అమ్మమ్మ, తాతయ్యలు ఉన్న ఇంట్లో జారిపడే ప్రమాదం లేదా?

ఉంది, ఇది ధర కన్నా, రంగు కన్నా ముందు ఆలోచించవలసిన విషయం. పలుచని కార్పెట్ నునుపైన విట్రిఫైడ్ టైల్స్ మీద సులువుగా జరుగుతుంది. నాలుగైదు ఉతుకుల తరువాత మూలలు పైకి లేవడం మొదలవుతుంది. మోకాళ్ళ నొప్పులతో పాదాన్ని ఈడ్చి నడిచేవారి బొటనవేలు, చేతికర్ర చివర సరిగ్గా ఆ మూలకే తగులుతాయి. అడుగు చుక్కల పట్టు కూడా దుమ్ము చేరేకొద్దీ తగ్గుతుంది, వాటిని తడిగుడ్డతో తుడిస్తే కొంత తిరిగి వస్తుంది. కార్పెట్ కొలతకు రెండంగుళాలు తక్కువగా కత్తిరించిన జాలీ రకం యాంటీ స్లిప్ షీటును కింద పరచండి, మూలలను సోఫా కాళ్ళ కిందకో టీపాయ్ కిందకో వచ్చేలా వేయండి. మంచం నుంచి బాత్‌రూమ్‌కు వెళ్ళే దారిలో మాత్రం ఏ రకమైన కార్పెటూ ఉండకూడదు. రాత్రివేళ చీకట్లో నడిచే దారి అది.

పసిపిల్లలు, పెంపుడు కుక్క ఉన్నారు. మాకు ఉపయోగమేనా?

అందరికన్నా మీకే ఎక్కువ ఉపయోగం. మూత్రం పడినప్పుడు మందమైన కార్పెట్‌లో అది అడుగు పొరల దాకా ఇంకి, ఎంత తుడిచినా వాసన తిరిగి వస్తుంది. మొత్తంగా నీటిలో ముంచి తీయగలిగే కార్పెట్‌కు ఆ సమస్య లేదు. ఎండిపోకముందే చల్లని నీటితో జాడించి, ఎంజైమ్ డిటర్జెంట్‌తో ఉతకండి. కుక్క వెంట్రుకలను మాత్రం ఉతికే ముందే వాక్యూమ్‌తో తీసేయాలి, లేకపోతే మెషీన్ ఫిల్టర్‌లో ఉండలు కడతాయి. ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు మరొకటి వేసుకునేలా, పెద్దది ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు కొనడం తెలివైన పని.

రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద వేస్తే పాడవుతుందా?

తుడిచిన వెంటనే వేస్తే పాడవుతుంది. రబ్బరు పూత కింద తేమ చిక్కుకొని, రోజుల తరబడి ఆరక, కార్పెట్‌కు వాసన, నేలకు జిగట వస్తాయి. ఇంట్లో పనికి వచ్చే ఆమె ఫ్యాను వేసి నేల ఆరేదాకా వేచి ఉండదు కనుక, తీసిన కార్పెట్‌ను కుర్చీ మీద వదిలేయమని, తరువాత మీరే పరచుకుంటామని చెప్పడం మంచిది. వినైల్ ఫ్లోరింగ్ ఉన్న ఫ్లాట్లలో రబ్బరు అడుగున్న మ్యాట్లు అసలే వేయవద్దు. రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి చేరి పసుపుపచ్చని శాశ్వతమైన మరకను మిగులుస్తాయి. టైల్స్‌కు, గ్రానైట్‌కు ఆ భయం లేదు.

వీటికి బదులు జంపఖానా సరిపోదా?

చాలా ఇళ్ళకు సరిపోతుంది, నిజానికి బాగుంటుంది. వరంగల్ కొత్తవాడలో నేసే నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. వాటికి అడుగు పూత ఉండదు, రెండు వైపులా వాడవచ్చు, మన వేసవిలో పాదానికి చల్లగా ఉంటాయి. అరిగితే ఆ అరుగుదల కూడా అందంగానే ఉంటుంది. ఉతకడం మాత్రం కాస్త ఓపిక పని. కొత్త జంపఖానా రంగు వదులుతుందో లేదో చూడడానికి తెల్లని గుడ్డను తడిపి ఒక మూల మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే మెషీన్‌లో వేయకుండా, విడిగా చల్లని నీటిలో చేత్తోనే ఉతకాలి. రంగు అంటకపోతే, చిన్న సైజు అయితే, సున్నితమైన సైకిల్‌లో వేయవచ్చు. నూలు మొదటి ఉతుకులో కొంత కుదించుకుపోతుంది కనుక గదికి సరిగ్గా కొలత పెట్టి కొనవద్దు.

ఇంట్లో ఉన్న ఉన్ని, జనపనార కార్పెట్లను కూడా మెషీన్‌లో వేసి చూడవచ్చా?

వద్దు. ఉన్ని పోగులు మెషీన్ తిరుగుడుకు దగ్గరపడి, ఒత్తి చేసిన నమదా గుడ్డలా గట్టిపడతాయి. ఏలూరు ఉన్ని తివాచీ వంటిది పెద్దల కాలం నుంచి ఇంట్లో ఉంటే దాన్ని తెలిసినవారి చేత శుభ్రం చేయించండి. జనపనార తడిస్తే గోధుమరంగు మరకలు తేలతాయి. పట్టులా మెరిసే విస్కోస్ అనే కృత్రిమ పోగు తడిలో తన బలాన్ని చాలావరకు కోల్పోతుంది. వెనుక గుడ్డ అతికించిన టఫ్టెడ్ కార్పెట్లలో ఆ అతుకు లేటెక్స్ జిగురుతో వేసినది, నానితే విడిపోతుంది.

ఎంత తరచుగా ఉతకాలి?

హాలులోనిది రెండు మూడు నెలలకు ఒకసారి చాలు, మధ్యలో వారానికి ఒకసారి దులపడమో వాక్యూమ్ చేయడమో సరిపోతుంది. స్నానాల గది మ్యాట్లు వారానికి ఒకసారి. ప్రతి ఉతుకుతోనూ పాలిస్టర్ పోగుల నుంచి సూక్ష్మమైన ప్లాస్టిక్ నూగు నీటిలోకి వెళుతుంది, అడుగు పట్టు కొంత అరుగుతుంది. ఉతకగలం కదా అని ప్రతివారం ఉతకడం దండగ.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ ఏమైనా తేడా ఉందా?

అక్కడ మెషీన్ సామర్థ్యాన్ని కిలోల్లో కాక ఘనపు అడుగుల్లో చెబుతారు. డ్రమ్ములు సాధారణంగా పెద్దవి. అపార్ట్‌మెంట్‌లోని మెషీన్ చిన్నదైతే దగ్గరలోని లాండ్రోమ్యాట్‌లో పెద్ద మెషీన్లు ఉంటాయి. డ్రయ్యర్ ఉన్నందువల్ల వానాకాలపు బెంగ లేదు గానీ, ఫోమ్ రబ్బరు వంటి అడుగు భాగం ఉన్న వస్తువులను డ్రయ్యర్‌లో వేడితో ఆరబెట్టవద్దని తయారీదారులు హెచ్చరిస్తారు, అది నిప్పు అంటుకునే ప్రమాదం గురించిన హెచ్చరిక. మీ కార్పెట్ లేబుల్ డ్రయ్యర్‌ను అనుమతిస్తేనే, అదీ తక్కువ వేడిలోనే వేయండి. చెక్క నేలల మీద రబ్బరు అడుగు కన్నా, ఆ చెక్క పూతకు హాని చేయదని రాసి ఉన్న విడి ప్యాడ్ నయం. అద్దె ఇల్లయితే డిపాజిట్ గుర్తుంచుకోండి.

కొనేముందు లేబుల్ మీద ఏమేమి చూడాలి?

నీటి తొట్టి బొమ్మలో 30 అని ఉంటే 30 డిగ్రీలకు మించని నీరు. తొట్టి కింద ఒక గీత ఉంటే సున్నితమైన సైకిల్, రెండు గీతలుంటే మరింత సున్నితమైనది. తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే, ప్రకటనలో ఏమి రాసి ఉన్నా, అది చేత్తో ఉతకవలసిన కార్పెట్. తొట్టి మీద కొట్టివేత గుర్తు ఉంటే అసలు నీటిలో ఉతకకూడదు. త్రిభుజం మీద కొట్టివేత బ్లీచ్ వద్దని, చతురస్రంలోని వృత్తం మీద కొట్టివేత డ్రయ్యర్ వద్దని చెబుతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు లేబుల్ ఫోటో లేకపోతే, కొన్నవారి సమీక్షల్లో ఉతికిన తరువాత తీసిన ఫోటోలు వెతకండి. మూలలు లేచాయా, అచ్చు వెలిసిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఉతికిన వస్తువును చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు కనుక, ఇంటికి వచ్చిన కార్పెట్‌ను ముందు పొడిగానే మడిచి డ్రమ్ములో పెట్టి చూడండి. పైన జానెడు ఖాళీ మిగలకపోతే ట్యాగు తీయకుండా తిరిగి పంపించండి.